ఖుర్తుబాలో ఒక్క గంట

యూరప్ యాత్ర చివరి రోజున మాద్రిద్‌లో మేము ఎక్కవలసిన రైలు తప్పిపోయింది. తర్వాతి రైలులో కొర్డోబా, అంటే మన గ్రంథాల్లోని ఖుర్తుబా, చేరేసరికి మస్జిద్ మూసివేతకు గంటే మిగిలింది. జానమాజుల సంచి రైలులోనే మరిచాము.

785లో మొదటి అబ్దుర్రహ్మాన్ ప్రారంభించిన ఆ కట్టడం, 1236లో మూడవ ఫెర్నాండో నగరాన్ని గెలిచిన నాటి నుండి చర్చి. ఎనిమిది వందలకు పైబడిన స్తంభాలు, ఎరుపు తెలుపు కమానులు. మిహ్రాబ్ ఎదుట మా శ్రీమతి కన్నీరు ఆపుకోలేకపోయారు. లోపల నమాజుకు అనుమతి లేదు.

నది ఒడ్డున నందికొట్కూరు తువ్వాలు పరచి, ప్రయాణికులము గనుక అసర్ రెండు రకాతులే చేశాము. ఆ నది పేరు గ్వాదల్‌క్వివిర్. 'వాది అల్ కబీర్' అన్న అరబీ మాటే. స్పెయిన్ వారు దానిని నేటికీ మార్చలేదు. రాత్రి విమానముంది, మళ్ళీ స్టేషనుకు పరుగు.