సంతకం పెడుతుండగా చూసిందెవరు?

అమెరికాలో పిల్లలూ పెద్దలూ పోగేసే బేస్‌బాల్ కార్డు చిన్న అట్టముక్క. ముందు ఆటగాడి బొమ్మ, వెనక అతని ఆట లెక్కలు. పేరున్న ఆటగాడు సంతకం పెడితే దాని ధర ఎన్నో రెట్లు పెరగవచ్చు. కొనేవాళ్లు చాలామంది చూసేది గీతల పొందిక, వెంట వచ్చే ధ్రువపత్రం. ఈ రెండూ బలహీనమైన ఆధారాలే. సంతకం పెడుతుండగా చూసిందెవరు, ఆ తర్వాత కార్డు ఎవరెవరి చేతులు మారింది అన్నదాన్ని బట్టే దానికి విలువ కట్టాలని నేను గట్టిగా నమ్ముతాను.

1990లలో ఎఫ్‌బీఐ చేపట్టిన ‘ఆపరేషన్ బుల్‌పెన్’ దర్యాప్తు ఇందుకు పెద్ద సాక్ష్యం. అందులో దొరికిన ముఠా ఆటగాళ్ల సంతకాలతో ఆగలేదు, మదర్ థెరిసా సంతకమంటూ బేస్‌బాల్ బంతులు కూడా తయారుచేసింది. సంతకంతో పాటు అది అసలైనదేనని చెప్పే ధ్రువపత్రాలూ దొంగవే. శాన్ డియేగో పాడ్రెస్ ఆటగాడు టోనీ గ్విన్ తన జట్టు దుకాణంలోనే తన పేరిట నకిలీ సంతకాలు అమ్ముతున్నారని గుర్తించాడు. సొంత జట్టు దుకాణమే మోసపోయినప్పుడు మామూలు అభిమాని కంటిచూపును నమ్ముకుని ఏం చేయగలడు? 2001లో మేజర్ లీగ్ బేస్‌బాల్ మొదలుపెట్టిన పద్ధతి ఈ చిక్కును మూలంలోనే పట్టుకుంది. పోలీసు ఉద్యోగంలో ఉన్నవారో, చేసి మానినవారో ఆటగాడు సంతకం పెట్టే చోటే నిలబడి చూస్తారు. కళ్లారా చూసినదానికి మాత్రమే నంబరున్న హోలోగ్రామ్ అంటిస్తారు.

కంపెనీ ప్యాకెట్‌లోనే సంతకం చేసిన కార్డు దొరుకుతున్నప్పుడు ఈ తంటా ఎందుకని అడగవచ్చు. 1990లో కార్డులు తయారుచేసే అప్పర్ డెక్ కంపెనీ, పేరున్న ఆటగాడు రెజ్జీ జాక్సన్ సంతకం చేసిన 2,500 కార్డులను ప్యాకెట్లలో కలిపింది. ఆ బాటలో మిగతావాళ్లూ నడిచారు. నకిలీ భయం తగ్గిన మాట నిజమే. కానీ ఇప్పుడు చాలా కార్డుల మీద ఉన్నది స్టిక్కర్. ఆటగాడు స్టిక్కర్ల షీటు మీద వరసగా సంతకాలు గీకి పంపితే, తర్వాత ఎవరో వాటిని కార్డులకు అంటిస్తారు. చివరికి ఆ కార్డును ఆటగాడు చూసి కూడా ఉండడు. నేరుగా కార్డు మీదే పడిన సంతకాన్ని సేకర్తలు ఎక్కువగా కోరుకోవడం న్యాయమే.

1948లో పోయిన మేటి ఆటగాడు బేబ్ రూత్ సంతకానికి ఇప్పుడు సాక్షిని ఎక్కడ తెస్తాం అన్నది బలమైన అభ్యంతరం. అక్కడ నిపుణుల పోలిక తప్పదు. అయితే దాన్ని అభిప్రాయంగానే తీసుకోవాలి, ధర కూడా ఆ మేరకే ఇవ్వాలి. ఇప్పటి ఆటగాళ్ల సంతకం కోసం దూరాన ఉన్నవాళ్లు కార్డుతో పాటు తమ చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు కూడా పెట్టి జట్టుకు పంపుతారు. ఇది చవక మార్గమే, కానీ తిరిగొచ్చింది ఆటగాడి సంతకమో, సహాయకుడిదో, సంతకాలు చేసే యంత్రానిదో చెప్పలేం. వీలున్నవాళ్లకు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఫ్లోరిడా, అరిజోనాల్లో జరిగే శిక్షణ శిబిరాలే మేలు. అక్కడ ఆటగాళ్లు అభిమానులకు దగ్గరగా దొరుకుతారు. 573 హోమ్‌రన్లు కొట్టిన హార్మన్ కిల్‌బ్రూ, అభిమానికి పేరు చదవడానికి వీలుగా సంతకం చేయాలని కుర్ర ఆటగాళ్లకు నచ్చజెప్పేవాడు. అలాంటి సంతకం అందుకున్నవాడు అదృష్టవంతుడు. సాక్ష్యం డబ్బున్నవాళ్లకే సాధ్యమన్న మాట కూడా నిలవదు. ఆటగాడు కార్డు మీద పెన్ను పెట్టినప్పుడు పక్కనున్నవాళ్లు ఫోనులో వీడియో తీసి, తేదీ, చోటు రాసిపెట్టి, ఆ రోజు టికెట్టును కార్డుతో పాటు దాస్తే చాలు. రేపు అమ్మినా, పిల్లలకిచ్చినా అవి కూడా కార్డు వెంటే వెళ్లాలి.