పొడుగు చేతుల ధాల్సిమ్

వార్షికోత్సవ సంచికకు ఏదైనా ఉపయోగపడేది రాయమని అడిగారు. చదువు గురించి, పోటీ పరీక్షల గురించి మిగతా వాళ్ళు ఎలాగూ రాస్తారు కాబట్టి మేము ఆట గురించి రాస్తున్నాం. అదీ వీడియో గేము గురించి. వార్డెన్ సారు ఈ పేజీ తిప్పేయకుండా చివరిదాకా చదవాలని మనవి.

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ బెంగుళూరు పోయే ఒకే రైలు దారిలో ఉన్నాయి. మాలో ఒక్కొక్కరిది ఒక్కో ఊరు. సెలవు రోజుల్లో అందరం హిందూపురంలో కలిసి, గంటకు ఇంత అని తీసుకుని గేములు ఆడించే షాపుకు పోయేవాళ్ళం. అందరి జేబులూ దులిపితే అరగంట ఆటకు సరిపోయేది. మిగిలిన సమయమంతా ఆడేవాళ్ళ కుర్చీల వెనక నిలబడి చూడటమే. అక్కడికి వచ్చే కొందరికి ఇంట్లోనే సొంత మిషను ఉంది. రోజూ రెండు మూడు గంటలు ఆడేవాళ్ళతో వారానికి అరగంట ఆడేవాళ్ళు పోటీ పడాలంటే ఏం చేయాలి? మాకు దొరికిన జవాబు ధాల్సిమ్.

జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ కంపెనీ 1991లో స్ట్రీట్ ఫైటర్ 2 అనే ఆటను విడుదల చేసింది. అందులో మనం ఎంచుకోగలిగిన పాత్రలు 8. జపాన్, అమెరికా, చైనా, రష్యా, బ్రెజిల్ వాళ్ళతో పాటు మన దేశం వాడు ఒకడున్నాడు. అతనే ధాల్సిమ్. బక్క మనిషి, మెడలో పుర్రెల దండ, నోట్లోంచి మంటలు, ఎనుము తాడులా సాగే కాళ్ళు చేతులు. యోగా చేస్తే ఇలా అవుతారని జపాన్ వాళ్ళకు ఎవరు చెప్పారో గానీ, మన డ్రిల్లు సారు చేయించే ఆసనాలతో మాకెవరికీ వేలెడు పొడుగు కూడా పెరగలేదు. కథ ప్రకారం అతను డబ్బు కోసం పోట్లాడేది తన పేద పల్లె కోసం. ఈ ముక్క తెలిశాక మాకు అతని మీద అభిమానం పుట్టింది. 2016లో వచ్చిన 5వ ఆటలోనూ, 2023లో వచ్చిన 6వ ఆటలోనూ అతను ఉన్నాడు. మేము నేర్చుకున్నది 5వ ఆటలో.

షాపులో ధాల్సిమ్‌ను ఎవరూ ఎంచుకునేవారు కాదు. ఎంచుకున్నవాడు రెండు ఆటల్లో ఓడి వదిలేసేవాడు. దానికి కారణాలున్నాయి. అతని నడక నిదానం. గాల్లోకి లేస్తే తేలుతూ దిగుతాడు. ఈ ఆటల్లో సెకనును 60 భాగాలు చేసి లెక్కిస్తారు, ఒక్కో భాగాన్ని ఫ్రేమ్ అంటారు. ర్యూ లాంటి మామూలు పాత్ర విసిరే చిన్న గుద్దు మూడు నాలుగు ఫ్రేముల్లో తగులుతుంది. ధాల్సిమ్ పొడుగు చెయ్యి పోవడానికి అంతకన్నా చాలా ఎక్కువ పడుతుంది, తిరిగి రావడానికి ఇంకొంత. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, సాగిన చెయ్యి కూడా అతని ఒళ్ళే. ఎదుటివాడు ఆ చేతి మీద కొట్టినా దెబ్బ ధాల్సిమ్‌కే తగులుతుంది. చాలామందికి ఇది తెలియక, దూరంగా ఉన్నాం కదా అని ఊరికే చేతులు చాపి తన్నులు తింటారు.

మరి అతనితో లాభమేమిటంటే, మిగతా పాత్రలకు కావలసింది వేళ్ళ వేగం. వరుసగా ఐదారు దెబ్బలు తప్పకుండా కొట్టాలంటే వందలసార్లు చేసి వేళ్ళకు అలవాటు చేయాలి. అది గంటలు కొనగలిగిన వాళ్ళకు సాధ్యం. ధాల్సిమ్‌కు కావలసింది దూరం అంచనా. ఏ పాత్ర ఎంత దూరం దూకుతుంది, ఎవరి కాలు ఎక్కడిదాకా వస్తుంది అన్నది తెలిస్తే సగం ఆట వచ్చినట్టే. ఆ సంగతి కుర్చీ వెనక నిలబడి చూసినా తెలుస్తుంది. దానికి డబ్బు అక్కరలేదు.

మేము ఒక నోట్‌బుక్కు పెట్టుకున్నాం. ఒక్కో పేజీలో ఒక్కో పాత్ర. తెర మీద నేలను మనసులో భాగాలుగా విడదీసుకుని, ర్యూ దూకితే ఎన్ని భాగాలు దాటుతాడు, జాంగీఫ్ ఎంత దగ్గరకు వస్తే పట్టుకోగలడు అని రాసుకునేవాళ్ళం. అరగంట వచ్చినప్పుడు గెలుపు గురించి చూడకుండా, రాసుకున్నది నిజమా కాదా అని పరీక్షించేవాళ్ళం. పక్కవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వనీ అనుకున్నాం.

బటన్లలో ఒక కిటుకు ఉంది. ఊరికే గుద్దు నొక్కితే చెయ్యి సాగుతుంది. వెనక్కు పట్టుకుని నొక్కితే దగ్గరి గుద్దు వస్తుంది. అయితే దెబ్బ కాచుకోవడానికీ వెనక్కే పట్టుకోవాలి. అందువల్ల కాచుకుంటూ కంగారులో బటన్ నొక్కితే పొడుగు చెయ్యి రాదు. పొడుగు గుద్దు కావాలంటే ఒక్క క్షణం కాపు వదలాలి. ఆ క్షణం ఎప్పుడన్నదే ఆట. యోగా ఫైర్‌కు కిందినుంచి ముందుకు పావు చుట్టు తిప్పి గుద్దు నొక్కాలి. ఇది మేము మెస్సులో ప్లేటు అంచు మీద బొటనవేలితో తిప్పి నేర్చుకున్నాం. 5వ ఆటలో ఈ మంట నేరుగా పోదు, రాయి విసిరినట్టు పైకి లేచి వంగి పడుతుంది. ఎదుటివాడు పైన మంట చూసి కాచుకుంటుండగా మనం నడిచి చోటు మార్చుకోవచ్చు.

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరు పొందిన ఊరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మల్లో యుద్ధం చూసిన వాళ్ళకు ధాల్సిమ్ తొందరగా అర్థమవుతాడని మా నమ్మకం. ఆడించే మనిషి తెర వెనక ఉంటాడు, రెండు చేతుల్లో రెండు బొమ్మలు, కీళ్ళకు కట్టిన చెయ్యి పుల్లతో ముందుకు పోతుంది. రెండు బొమ్మల మధ్య ఖాళీ చెడితే యుద్ధం తేలిపోతుంది. అతని చూపు ఎప్పుడూ ఆ ఖాళీ మీదే. మాలో ధర్మవరం వాడు ఇది చెప్పినప్పటి నుంచి మేము మా బొమ్మను చూడటం మానేసి, మధ్యనున్న నేలను చూడటం మొదలుపెట్టాం. ఫలితం రెండు వారాల్లో కనిపించింది. సొంత మిషను ఉన్న అబ్బాయి మాతో మూడు ఆటలు ఆడి రెండు ఓడాడు. మరుసటి వారం అతను కూడా మా నోట్‌బుక్కు అడిగాడు. ఇచ్చాం, జాంగీఫ్ పేజీ తప్ప.

ఆ పేజీ మీకోసం ఇక్కడ రాస్తున్నాం. జాంగీఫ్ రష్యా కుస్తీవాడు, పట్టుకుంటే తలకిందులుగా తిప్పి నేలకు కొడతాడు. కాచుకున్నా ఆ పట్టు ఆగదు. అతను నడిచి వస్తుంటే పొడుగు కాలితో ఒకసారి ఆపండి, వెంటనే రెండోసారి వేయొద్దు, అతను దాని కోసమే చూస్తుంటాడు. దూకితే కిందికి పట్టి తన్ను నొక్కండి, ధాల్సిమ్ నేల మీద జారి చాలాసార్లు అతని కిందనుంచి అవతలికి పోతాడు. మూలకు చిక్కితే మాయమై వేరేచోట తేలే టెలిపోర్ట్ ఉంది. కానీ అతను మీద పడ్డాక కాదు, పడటానికి ముందే వాడాలి.