నియాన్ టెట్రా రాత్రికి ఎందుకు వెలిసిపోతుంది?

పొద్దున్నే లైటు వేయగానే అక్వేరియంలో నియాన్ టెట్రా చేప పాలిపోయి కనిపించిందా? కంగారు పడకండి. కాసేపట్లో దాని ఒంటి మీది నీలి చార మళ్లీ తళుక్కుమంటుంది.

నిజానికి ఆ చారలో నీలిరంగు పదార్థమే లేదు! చర్మ కణాల్లో గ్వానిన్ అనే పదార్థపు పలకలు, కంటికి కనిపించనంత పలుచగా, దొంతరలుగా ఉంటాయి. వాటి మధ్య ఎడాన్ని బట్టి ఏ రంగు వెలుగు వెనక్కి వస్తుందో తేలుతుంది. సబ్బు బుడగ మీద రంగులు ఆడతాయే, అలాగన్నమాట. చీకట్లో ఆ ఎడం మారుతుంది, చార మసకబారుతుంది.

ఎరుపు, నారింజ సంగతి వేరు. వాటికి కావలసిన కెరోటినాయిడ్లనే రంగు పదార్థాలను చేపలు సొంతంగా తయారుచేసుకోలేవు, తిండిలోంచి రావాల్సిందే. అందుకే గప్పీల్లాంటి రంగు చేపలకు రోజూ ఒకే పొడిమేత కాకుండా స్పైరులినా అనే నాచు, ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవి కూడా పెట్టాలి. మన కోస్తా హేచరీల్లో రొయ్య పిల్లలకు వేసేదీ ఈ ఆర్టీమియానే.

అక్వేరియం అడుగు కూడా రంగును మారుస్తుంది: అక్కడ తెల్లరాళ్లు పోస్తే చాలా చేపలు పరిసరాల్లో కలిసిపోవడానికి తామూ లేతబడతాయి. నల్ల ఇసుక, గుబురు మొక్కలు, కనీసం ఆరేడు తోటి చేపలు ఉంటే నియాన్లకు బెదురు తగ్గి రంగు తేరుతుంది. వాటి పుట్టిల్లు అమెజాన్ అడవుల్లోని నీడ వాగులు మరి!