చిన్న పనిచోట్లలో లైంగిక వేధింపులు – స్థానిక కమిటీ ఆవశ్యకత: భోగాపురం నేపథ్యం

పని ప్రదేశంలో లైంగిక వేధింపులపై చర్చ ఎక్కువగా కళాశాలలకు, పెద్ద కార్యాలయాలకు పరిమితమవుతున్నది. విజయనగరం జిల్లా భోగాపురం వంటి ప్రాంతంలో ఆ పరిధి చాలదు. తీరం వెంబడి రొయ్య పిల్లల హేచరీలు, విమానాశ్రయ నిర్మాణ పనులు, దుకాణాలు, ఇంటిపని జరిగే ఇళ్ళు – చట్టం దృష్టిలో ఇవన్నీ పని ప్రదేశాలే. దినకూలీ, కాంట్రాక్టు కార్మికురాలు కూడా దాని రక్షణలోనివారే.

ఈ చట్టానికి మూలం 1997 నాటి సుప్రీంకోర్టు ‘విశాఖ’ తీర్పు. ఆ పేరుకు పొరుగునున్న విశాఖపట్నంతో సంబంధం లేదు. అది రాజస్థాన్‌కు చెందిన మహిళా సంస్థ పేరు. బాల్యవివాహాన్ని అడ్డుకోబోయిన గ్రామ కార్యకర్త భన్వరీ దేవిపై 1992లో జరిగిన అత్యాచారం ఆ వ్యాజ్యానికి నేపథ్యం. అనగా ఈ న్యాయసూత్రం గ్రామీణ శ్రామిక స్త్రీ అనుభవం నుండే పుట్టింది.

2013 చట్టం ప్రకారం పదిమంది ఉద్యోగులున్న ప్రతి సంస్థ అంతర్గత కమిటీని నియమించాలి. అంతకు తక్కువమంది ఉన్నచోట, లేదా ఫిర్యాదు యజమానిపైనే అయినప్పుడు, జిల్లాలోని స్థానిక కమిటీని ఆశ్రయించాలి. క్షేత్రస్థాయి నోడల్ అధికారి ఫిర్యాదును స్వీకరించి ఏడు రోజులలో ఆ కమిటీకి పంపాలి. వ్రాయలేని స్త్రీకి ఫిర్యాదు వ్రాయడంలో సహకరించడం కమిటీ విధి.

ఫిర్యాదుకు గడువు మూడు నెలలు. తగిన కారణముంటే మరో మూడు నెలలు. పని వెంట ఊళ్ళు మారే కూలీకి కమిటీ ఉన్నదని తెలిసేలోపే ఆ గడువు ముగియవచ్చు. కనుక అధికారి పేరు, చిరునామా పనిచోటనే తెలుగులో, అక్కడి కూలీల భాషలలో కనిపించడం చట్టం అమలుకు తొలి మెట్టు.