అందమైన జంటకి బోడి పిల్లలు

ములకలపల్లిలో మా పిన్ని వాళ్ల పెరట్లో ఒక ఎర్ర పుంజు ఉండేది. దాని ఒంటి మీద ఒక్క ఈక తిన్నగా ఉండదు. ప్రతిదీ బయటికి మెలితిరిగి, ఎవరో వెనక నుంచి ఊదుతున్నట్టు లేచి ఉంటుంది. ఊళ్లో కొందరు రింగుల కోడి అంటారు, కొందరు గిరజాల కోడి అంటారు. దాన్ని చూసి ముచ్చటపడ్డ బాబాయి, ఫోన్‌లో వీడియో చూసి అలాంటిదే ఓ పెట్టను కూడా తెప్పించాడు. అమ్మినతను మామూలు నాటుకోడికి మూడింతల ధర చెప్పాడు. "జత కలిపితే పిల్లలన్నీ ఇలాగే వస్తాయి, ఇంక మీకు కాసుల పంటే" అన్నాడట.

పెట్ట పొదుగుకి వచ్చింది. పిన్ని పది గుడ్లు పెడితే ఎనిమిది పిల్లలయ్యాయి. పుట్టినప్పుడు అన్నీ ఒకేలా ఉన్నాయి, పసుపు ముద్దల్లా. రెక్కల దగ్గర ఈకలు మొలిచే సమయానికి తేడా కనపడింది. రెండు పిల్లలకి ఈకలు సరిగ్గా వచ్చాయి. నాలుగింటికి మెలితిరిగి వచ్చాయి. మిగిలిన రెండింటికి వచ్చినవి వచ్చినట్టే విరిగిపోయి, వీపు మీద మొండి కాడలు మిగిలాయి. జులై వానలు. ఆ రెండూ మిగతా వాటి కిందకి దూరి వణుకుతూ ఉండేవి.

"పేలు పట్టాయేమోరా" అని పిన్ని వేపనూనె రాసింది. పక్కింటావిడ దిష్టి తియ్యమంది. కొక్కెర తెగులుకి చుక్కలు వేయించారా అని నేనడిగితే, అందరికంటే ముందే వేయించామంది. "ఎంత తిన్నా వీటి ఒంటికి పట్టట్లేదురా, నూకలన్నీ ఇవే మింగుతున్నాయి" అని కూడా అంది. ఆ మాట దగ్గరే అసలు విషయం ఉందని నాకు తర్వాత తెలిసింది. ఐదో వారంలో, ఒక ముసురు రాత్రి, రెండింట్లో ఒకటి చచ్చిపోయింది.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తప్పు ఎక్కడుందో దొరికేదాకా నిద్ర పట్టని రోగం మాది. దిష్టి అంటే వదిలేయలేకపోయాను.

ఈ కోళ్లు కొత్త ఫ్యాషనేమీ కాదు. ఇలాంటివి ఇండియాలో అరుదేం కాదని డార్విన్ 1868లోనే రాశాడు. వాటి వంశం లెక్క తేల్చింది మాత్రం అమెరికాలో లాండోవర్, డన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు. 1930లో అచ్చయిన వాళ్ల పరిశీలన ప్రకారం ఈకను మెలితిప్పేది ఒక్కటే జన్యువు. అది ఒక్క కాపీ వస్తే, అంటే తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి దగ్గరే వస్తే, మనం ముచ్చటపడే గిరజాల కోడి అవుతుంది. ఇద్దరి దగ్గరా వచ్చి రెండు కాపీలయితే ఈక మరీ సన్నగా, పెళుసుగా తయారవుతుంది. దేనికైనా రాసుకుంటే చాలు, విరిగిపోతుంది. మా పిన్ని వేపనూనె రాసింది అలాంటి పిల్లలకే. 2012లో ఆ మార్పు ఎక్కడుందో కూడా పట్టుకున్నారు. ఈక మధ్య కాడకి బలాన్నిచ్చే కెరాటిన్ ప్రోటీన్లలో ఒకదాన్ని తయారుచేసే జన్యువులో, కేఆర్‌టీ75లో, చిన్న ముక్క ఎగిరిపోతోంది. దాంతో కాడ తిన్నగా నిలబడదు.

ఈకలు రాలితే అందమే కదా పోయేది అనుకుంటాం. కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీలు. దాన్ని కాపాడే దుప్పటే ఈక. దుప్పటి లేని కోడి రాత్రీ పగలూ వేడి పోగొట్టుకుంటూనే ఉంటుంది, పోయినదాన్ని తిండితో నింపుకుంటూనే ఉంటుంది. పైకప్పు లేని ఇంట్లో పొయ్యి మండిస్తూ కూర్చున్నట్టు. అందుకే ఎంత తిన్నా ఒంటికి పట్టదు. రక్తం వేగంగా తిప్పాలి కాబట్టి గుండె పెద్దదవుతుంది. గుడ్డుకి ఆలస్యంగా వస్తుంది, వచ్చినా తక్కువ పెడుతుంది. చాలావాటికి ఆయుష్షూ తక్కువే. 1930ల్లోనే ఇవన్నీ కొలిచి రాసిపెట్టారు. మనకి చేరడానికే ఇంతకాలం పట్టింది.

మరి ఇంత తేలికైన లెక్క పెంచేవాళ్లకి ఎందుకు అంతుపట్టదు? నాకు దొరికిన జవాబు ఇది. రెండు గిరజాల కోళ్లని కలిపితే, ప్రతి పిల్లా రెండు నాణేలు ఎగరేసినట్టే. రెండూ బొమ్మ పడితే బోడి పిల్ల, ఒకటి బొమ్మ ఒకటి బొరుసు పడితే గిరజాలది, రెండూ బొరుసు పడితే మామూలుది. నాలుగింట్లో ఒకటి, రెండు, ఒకటి. కానీ ఇది పంపకం కాదు, ప్రతి గుడ్డుకీ ఆట మళ్లీ మొదలే. ఎనిమిది పిల్లల్లో ఒక్కటి కూడా బోడిది రాకపోయే అవకాశం పది శాతం. అంటే పదిమందిలో ఒకరికి మొదటి పొదుగు చక్కగా వస్తుంది. ఆ ఒక్కడే వీడియో పెడతాడు. మిగతా తొమ్మిది మంది పేలు, దిష్టి, చలి అనుకుని ఊరుకుంటారు.

ఆ అమ్మినతని మీద నాకు కోపం వచ్చిన మాట నిజం. "పిల్లలన్నీ ఇలాగే" అన్నమాట ఎలాగూ అబద్ధం. దానికి తోడు గిరజాల కోళ్లని జతగా అమ్మడమే అసలు తప్పు. ఇవ్వాలంటే ఒక గిరజాల పుంజుకి తోడు మామూలు ఈకల నాటు పెట్ట ఇవ్వాలి. అప్పుడు సగటున సగం గిరజాలవి, సగం మామూలువి. బోడి పిల్ల పుట్టదు. పోగొట్టుకునేది కూడా ఏమీ లేదు, ఎందుకంటే రెండూ గిరజాలవి కలిపినా గిరజాల పిల్లలు వచ్చేది సగమే! పావు వంతు మామూలువి, పావు వంతు కష్టపడటానికి పుట్టినవి.

అయితే ఒక మెలిక ఉంది. గిరజాలని అణిచిపెట్టే ఇంకో జన్యువు కూడా కొన్ని కోళ్లలో ఉంటుంది. అలాంటి పెట్ట చూడ్డానికి దాదాపు మామూలుగానే ఉంటుంది, లోపల గిరజ జన్యువు మోస్తూనే ఉంటుంది. కాబట్టి జోడీ కోసం మామూలు పెట్టని గిరజాల కోళ్ల సంతానంలోంచి కాకుండా, సంబంధం లేని మందలోంచి తెచ్చుకోవడం మేలు.

ఇదంతా చదివి గిరజాల కోడే వద్దనుకోవద్దు. ఒక్క కాపీ ఉన్న కోడికి మన ఎండల్లో ఓ లాభం ఉంది. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దానికి తెలిసిన దారి. ఈకలు లేచి ఉంటే ఒంటి వేడి సులువుగా బయటికి పోతుంది. బరేలీ పక్కన ఇజ్జత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన ఉప్కారి కోడిలో ఉన్నది ఈ గిరజాల నాటు రక్తమే. మే నెలలో భద్రాచలం, కొత్తగూడెం వైపు ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి దాని విలువ చెప్పక్కర్లేదు. గాలే ఒంటికన్నా వేడెక్కే మిట్టమధ్యాహ్నం మాత్రం ఏ కోడికైనా నీడ, నీళ్లే గతి.

వానాకాలం కథ వేరు. లేచిన ఈకల మీద నీళ్లు జారవు, తడి లోపలికి దిగుతుంది. రెక్క ఈకలు కూడా మెలితిరిగి ఉంటాయి కాబట్టి బాగా ఎగరలేదు. మిగతా కోళ్లు చెట్టెక్కి పడుకుంటే ఇది కిందే ఉండిపోతుంది. అడవి అంచున ఉన్న ఊళ్లో అడవి పిల్లికి అంతకంటే సుఖమేముంది? చీకటి పడకముందే గూట్లో వేసి తలుపు పెట్టాలి.

బతికిన ఆ రెండో బోడి పిల్ల పెట్ట. దాన్ని కోసేద్దామని బాబాయి రెండుసార్లు అన్నాడు. పిన్ని పడనివ్వలేదు. పొయ్యి పక్కన గంపలో పాత గోనెసంచి పరిచి పెట్టింది, చలికాలమంతా అదే దాని ఇల్లు. మామూలు పిల్లలకి నూకలు, తవుడు. దీనికి అదనంగా పొలం గట్టు మీది పుట్టలోంచి తెచ్చిన చెదలు. తక్కిన కోళ్లు మొండి కాడల్ని పొడవకుండా విడిగానే తిండి.

పుంజుని అమ్మేశారు. కొన్నాయనకి ఇది గిరజాల పెట్టతో కలపొద్దని పిన్నే చెప్పింది, ఆయన నవ్వి ఊరుకున్నాడట. గిరజాల పెట్టకి పక్క ఊరి నుంచి నల్ల నాటుపుంజుని తెచ్చారు. కిందటి నెల ఫోన్ చేసింది.

"తొమ్మిది పిల్లలురా. ఐదింటికి రింగులు. నాలుగు ఉత్తవి."

"బోడివి?"

"ఒక్కటీ లేదు. మీ బాబాయే, ఆ నాలుగింటికి రేటు రాదని సణుగుతున్నాడు" అంది.