నోటరీ ముద్ర పడితే యాజమాన్యం మారినట్లేనా?

సిద్దిపేట: గంజిలో అడ్తి దుకాణాలు, మిల్లులు నడిపే ఫర్ములలో ఒక భాగస్థుడు తప్పుకోవడం, మరొకరు చేరడం మామూలే. స్టాంపు కాగితంపై ఒప్పందం రాసుకుని నోటరీ చేయించుకుంటే పని ముగిసిందని పలువురు వర్తకులు భావిస్తారు. ఇందులో సగమే నిజం.

1952 నాటి నోటరీల చట్టం ప్రకారం నోటరీ పని పత్రంపై సంతకాలను ధ్రువీకరించడం వరకే. అందులోని షరతుల మంచిచెడ్డలకు ఆయన పూచీ లేదు. నోటరీ అయినంత మాత్రాన అది రిజిస్టరు దస్తావేజు కాదు.

అయితే భాగస్థుల మధ్య అటువంటి పత్రానికి విలువ ఉన్నది. వడ్లు దంచే, వేరుశనగ ఒలిచే వ్యాపారంలోని రెండు ఆంధ్ర కుటుంబాల తగాదాలో 1966లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అద్దంకి నారాయణప్ప కేసుగా వర్తకులకు, వకీళ్లకు తెలిసినదే. ఫర్ములో భాగస్థుని వాటా చరాస్తి కిందికే వస్తుందనీ, ఫర్ముకు భూములున్నా వాటా వదులుకుంటూ 1936లో రాసిన కరారుకు రిజిస్ట్రేషన్ అవసరం లేదనీ కోర్టు పేర్కొన్నది.

చిక్కు వచ్చేది బయటివారితోనే. 1932 నాటి భాగస్వామ్య చట్టం 32వ సెక్షన్ ప్రకారం బహిరంగ ప్రకటన వెలువడేదాకా, తప్పుకున్న భాగస్థునికి ఫర్ము చేసే కొత్త బాకీల బాధ్యత తప్పదు. రిజిస్టరైన ఫర్మయితే ఫర్ముల రిజిస్ట్రారుకు నోటీసు ఇవ్వాలి. గెజిట్‌లోనూ, ఆ జిల్లాలో చెలామణి అయ్యే ఒక ప్రాంతీయ భాషా పత్రికలోనూ ప్రకటించాలి. ఇక పాత బాకీల సంగతి వేరు. “అప్పులన్నీ మిగిలినవారివే” అని పత్రంలో రాసుకున్నా, అప్పిచ్చినవాడు ఒప్పుకుంటేనే విముక్తి.

కొత్తగా చేరినవారికీ ముప్పు ఉన్నది. 69వ సెక్షన్ ప్రకారం ఫర్ము రిజిస్టరై, దావా వేసేవారి పేర్లు రిజిస్టరులో ఉంటేనే ఒప్పంద బాకీకి బయటివారిపై కోర్టుకెక్కగలరు. జీఎస్టీ నమోదులో భాగస్థుల మార్పును 15 రోజులలో తెలపాలి.

ప్రైవేటు లిమిటెడ్ మిల్లులలో నోటరీ పత్రానికి పాత్ర ఇంకా తక్కువ. 2013 కంపెనీల చట్టం ప్రకారం డైరెక్టరును తొలగించాలంటే ప్రత్యేక నోటీసు ఇచ్చి, ఆయన వాదన వినిపించే అవకాశం కల్పించి, వాటాదారుల సభలో తీర్మానం చేయాలి. తానుగా తప్పుకునే డైరెక్టరు కంపెనీకి రాజీనామా లేఖ ఇస్తే చాలును. ఏ మార్పునైనా 30 రోజులలో డీఐఆర్-12 ఫారంలో కంపెనీల రిజిస్ట్రారుకు తెలపాలి. డీమ్యాట్ కాని, కాగితపు రూపంలోని వాటాల బదిలీకి ఎస్‌హెచ్-4 ఫారం తప్పనిసరి.

కనుక సరకు అరువిచ్చే వర్తకుడు నోటరీ కాగితం చూసి తృప్తిపడరాదు. ఫర్మయితే రిజిస్టరు నకలు, కంపెనీ అయితే రిజిస్ట్రారు రికార్డులోని డైరెక్టర్ల పేర్లు చూసుకోవాలి. తప్పుకునేవారు పత్రికా ప్రకటన ప్రతిని, నోటీసు రసీదును భద్రపరచుకోవాలి.