బొమ్మ చక్రవర్తిది, బంగారం ఎవరిది?

నాణెం చేతికొస్తే షరాబు బొమ్మను చూసి ధర కట్టడు. తూచి, గీటురాయి మీద గీసి, వన్నె తేల్చి మరీ చెబుతాడు. సుమారు 1500 ఏళ్ల కిందట పశ్చిమ ఐరోపాలో ఈ జాగ్రత్త ఎంత అవసరమైందో ఆనాటి చట్టాలే చెబుతున్నాయి.

నాలుగో శతాబ్ది ఆరంభంలో రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ 'సాలిడస్' అనే బంగారు నాణేన్ని ప్రవేశపెట్టాడు. ఒక రోమన్ పౌను బంగారానికి 72 నాణేలు. ఒక్కొక్కటి సుమారు నాలుగున్నర గ్రాములు. అందులో మూడో వంతు తూగేది 'ట్రెమిసిస్'. దాదాపు మేలిమి బంగారం కావడంతో సాలిడస్‌కు ఎక్కడైనా చెలామణి ఉండేది.

476లో పశ్చిమాన చక్రవర్తి పదవి అంతరించినా నాణేనికి గిరాకీ పోలేదు. గోత్, బర్గండియన్, ఫ్రాంక్ రాజులు తమ టంకశాలల్లో అదే నమూనా అచ్చు వేయించారు. రాజ్యం తమది, నాణెం మీద పేరు మాత్రం కాన్‌స్టాంటినోపుల్‌లోని అనస్తాసియస్, జస్టీనియన్ చక్రవర్తులది. కొన్నిటి మీద లాటిన్ అక్షరాలు తారుమారై చదవడానికే వీలుకావు. అయినా చెల్లింది, అలవాటైన బొమ్మ కనుక.

చిక్కంతా వన్నె దగ్గర వచ్చింది. నిండు తూకమున్న సాలిడస్‌ను పన్ను వసూలుదారు కాదనరాదని 458లో మజోరియన్ చక్రవర్తి శాసించాడు. అయితే బంగారం నాసిగా ఉందంటూ గాలిక్ నాణేలను మినహాయించాడు. ఆ తర్వాత బర్గండియన్ చట్టం నాలుగు రకాల నాణేలను పేరుపెట్టి పక్కన పెట్టింది. అందులో గోత్ రాజు అలారిక్ కాలపు సరుకూ ఉంది. అలాంటి నాణెం చేతిలో మిగిలినవాడికి బొమ్మ అక్కరకు రాలేదు. వట్టం తానే భరించాలి.

534 నుంచి 548 వరకు ఏలిన ఫ్రాంక్ రాజు థ్యూడెబర్ట్ ఏకంగా తన పేరే బంగారు నాణెం మీద వేయించాడు. చక్రవర్తికే చెల్లే హక్కు ఇది అని చరిత్రకారుడు ప్రొకోపియస్ ఆక్షేపించాడు. తర్వాత ఫ్రాంకుల నాణేల మీద రాజు పేరుకు బదులు ఊరి పేరు, టంకశాల యజమాని పేరు వచ్చాయి. 1939లో ఇంగ్లండ్‌లోని సట్టన్ హూ సమాధిలో దొరికిన సంచిలో 37 ఫ్రాంకు ట్రెమిసిస్‌లున్నాయి. ఏ రెండూ ఒకే టంకశాలవి కావు.

ఏడో శతాబ్దిలో ఈ నాణేల్లో వెండి పాలు పెరుగుతూ పోయింది. శతాబ్ది చివరికి ఫ్రాంకు రాజ్యంలో బంగారం తప్పుకుని వెండి నాణెం స్థిరపడింది. సట్టన్ హూ నాణేల కాలాన్ని పరిశోధకులు లెక్కగట్టిన ఆధారాల్లో ఒకటి, మన షరాబు చూసేదే: వన్నె.